చొక్కా మార్చుకొచ్చిన జ్వరం

చిక్కబళ్ళాపురం,
19 నవంబరు 2025, బుధవారం.

చిరంజీవి నేత్రకు,

నీ వదిన వినుత ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమంతా క్షేమం, నీ క్షేమం తెలియజేయవలెను అని మొదలుపెట్టడం పద్ధతి. చిన్నప్పుడు మా చాకవేలు బడిలో మేష్ట్రు చెవి మెలిపెట్టి మరీ నేర్పాడు. కానీ నీ క్షేమం నువ్వు తెలియజేసేదేమిటి, నిన్న మీ హాస్టల్ వార్డన్ మునిలక్ష్మమ్మ ఫోన్ చేసి మొత్తం తెలియజేసింది. సూది వేయించుకోవడానికి ఆస్పత్రికి పోదాం రమ్మంటే మంచం కోడు రెండు చేతులా పట్టుకొని కదలలేదట గదా. వదిన వస్తేనే సూది, వదిన రాకుంటే సూదీ లేదు గీదీ లేదు అన్నావట. ఎనిమిదో తరగతి చదివే పిల్లవు, మంచం కోడు పట్టుకోవడానికి సిగ్గనిపించలేదూ?

ఫోన్లో తిడదామంటే నువ్వు వార్డన్ ఫోన్ దగ్గరికి రానన్నావు. మీ చేతికేమో ఫోన్లు ఇవ్వరు. అందుకే కాగితం పట్టుకున్నాను. ఎల్లుండి మీ అన్న టమోటాలు వేసుకొని ఇటు మీదుగా చింతామణి మార్కెట్టుకు వస్తాడు, పోతూ పోతూ గేటు దగ్గర ఈ ఉత్తరం ఇస్తాడు. చింపకుండా చదువు. చింపాలనిపిస్తే చివరిదాకా చదివి చింపు.

ఆదివారం నేను రాలేదని నీ కోపం. న్యాయమైన కోపమే, కాదనను. పొద్దున్నే రెండు జడలు వేసుకొని గేటు కమ్మీలు పట్టుకొని నిలబడ్డావని, బండి మీద నుంచి అన్న ఒక్కడే దిగితే రోడ్డు మలుపు దాకా చూశావని ఆయనే చెప్పాడు. నేను అంతకు ముందు వారమే చేసి పెట్టిపోయిన ఊరిబిండి పచ్చడి డబ్బా మూతైనా తీయకుండా తిప్పి పంపావు. దాంతోపాటు ఒక మాట కూడా పంపావు. "వదినకి నా మొగం చూడబుద్ధి కాలేదా అని అడుగు."

ఆ మాట మీ అన్న ఫోన్లో చెప్పాడు. అంత పని ఏముందని నన్ను అడిగాడు. ల్యాబులో పని ఉందన్నాను. ఆదివారం ల్యాబుకు తాళం వేసి ఉంటుందని ఆయనకు తెలుసు, అయినా తిరిగి అడగలేదు. ఆ మంచితనమే నన్ను చంపుతుంది.

రాకపోవడానికి కారణం ఉంది. చెబుతాను. చెప్పడానికే కూర్చున్నాను. కానీ మొదటే అది రాస్తే మిగతాది నువ్వు చదవవని భయం. అందుకని ముందు ఇంటి సంగతులు విను.

పరగోడులో వానలు తెరిపి ఇచ్చాయి. కొత్త బోరు దగ్గర రెండో కోత నడుస్తున్నది. కాయ బాగుంది, ఆకు ముడత కనిపించిందని మీ అన్నకు దిగులు. నువ్వు తిప్పి పంపిన ఊరిబిండిని మీ అమ్మ తినలేక, పారేయలేక అలాగే అలమరలో పెట్టిందట. అవ్వకు మోకాళ్ళు పట్టేశాయి కానీ నోరు పట్టేయలేదు. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే ప్రశ్న. "అందరి గొంతుల్లో పుల్ల పెట్టి గెలికి పోతివే, ఏం దొరికిండాదమ్మా?" ఇంకా ఫలితాలు రాలేదు అవ్వా అంటున్నాను. నిజానికి వచ్చాయి. అవ్వకు ఎందుకు చెప్పలేదో అదీ చెబుతాను, ఉండు.

పోయిన శనివారం నేను ఎప్పటి మాదిరి పరగోడు పోలేదు. ఇక్కడే నా గదిలో ఉండిపోయాను. కింద ఇంటివాళ్ళ పాప ఆడుకోవడానికి పైకి వస్తే తలుపు తీయలేదు. ఒక పేరా రాస్తే లేస్తున్నాను, నీళ్ళు తాగి వస్తున్నాను, కిటికీ దగ్గర నిలబడి నందికొండ వైపు చూస్తున్నాను, ఏం చూశానో తెలియకుండానే వచ్చి కూర్చుంటున్నాను. ఇప్పుడే ఒక మాత్ర మింగి వచ్చాను. తలనొప్పికి అనుకో.

సరే, నీ సంగతికి వస్తాను.

నీకు తొమ్మిదేళ్ళప్పుడు నేనింకా మీ ఇంటికి రాలేదు. అవ్వ చెప్పగా విన్నదే. ముందు గొంతునొప్పి వచ్చింది, మిరియాల కషాయంతో పోయింది. కొన్నాళ్ళకు మోకాలు వాచింది. అది తగ్గి మణికట్టు వాచింది. ఇవాళ ఇక్కడ, రేపు అక్కడ. ఎవరో వాతం అన్నారు, ఎవరో గాలి సోకింది అన్నారు. చివరికి చింతామణిలో డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి విని, స్కానింగు తీయించి, గుండెలో ఒక చిన్న తలుపు సరిగా మూసుకోవడం లేదన్నాడు. గొంతులో చేరిన క్రిమి వల్ల వచ్చిన కీళ్ళ జ్వరం ఇది, మళ్ళీ రాకుండా మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది వేయించాలి, పెద్దదయ్యేదాకా ఒక్కటీ తప్పించకూడదు అన్నాడు. మీ నాన్న పోయిన ఏడాది కూడా, కర్మాంతరాల మధ్యలో నిన్ను బండెక్కించుకుని పోయి ఆ సూది వేయించాడు మీ అన్న.

ఆ సూది నొప్పి నాకు తెలియదని నువ్వు అంటావు. నిజమే, నాకు తెలియదు. మందు చిక్కగా ఉంటుందని, పిర్ర గడ్డకట్టినట్టు అవుతుందని, రెండు రోజులు కాలు ఈడ్చుకుంటావని చూశాను. ఖోఖోలో అందరికంటే ముందు పరిగెత్తే పిల్లకు అది ఎంత కష్టమో ఊహించుకోగలను. సూది నొప్పి లేదని నీకు ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు నేను.

కానీ నువ్వు చెప్పావు. మీ వార్డన్‌కేమో పరగోడులో వేయిస్తున్నారని చెప్పావు. మాకేమో హాస్టల్ నుంచే తీసుకుపోతున్నారని చెప్పావు. రెండు వైపులా అంత శుభ్రంగా నమ్మించిన పిల్లవు, లెక్కల్లో మాత్రం ఎందుకు తప్పుతున్నావో నాకు అర్థం కాదు.

అది ఎలా బయటపడిందో నీకూ తెలుసు. దీపావళి అయిన తర్వాత వారం మీ హాస్టల్లో పిల్లలకు గొంతునొప్పి, జ్వరం అని కబురొచ్చింది. మా ల్యాబు మేడం నడిపే పనే అది గదా. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల బడుల్లో పిల్లల గొంతుల నుంచి దూది పుల్లతో తడి తీసి, ఏ రకం క్రిమి తిరుగుతున్నదో చూడటం. అలా వచ్చి మీ గది తలుపు తోస్తే ఏం చూశాను? గుమ్మానికి వేపమండ కట్టి ఉంది. నువ్వు భుజాన తువ్వాలు వేసుకొని, జ్వరంతో ఉన్న శృతి తల ఒళ్ళో పెట్టుకొని గంజి తాగిస్తున్నావు. ఆ పిల్ల వద్దన్న గంజి అదే గ్లాసుతో నువ్వు తాగావు. నన్ను చూసి భయపడతావేమో అనుకున్నాను. భయమా, పాడా? పెద్ద నర్సమ్మ మాదిరి లేచి నిలబడ్డావు.

"నాకు చిన్నప్పుడే వచ్చి పోయినాది గదా వదినా. అందుకే నేనే చూసుకుంటాండా. రానోళ్ళని లోపలికి రానీలేదు."

నేత్రా, ఆ మాట విన్నప్పుడు నాకు కోపం రాలేదు. తిన్నగా వార్డన్‌ను పిలిచి నీ సూదుల సంగతి అడిగాను, పరగోడులో వేయిస్తున్నారు గదా అంది; నీ గొంతు తడి కూడా అప్పుడే తీశాను. కోపం ఎందుకు రాలేదంటే, నువ్వు అల్లరి చేయడం లేదు. అవ్వ నేర్పిన పనే చేస్తున్నావు.

పోయిన వేసవిలో మన వీధి పిల్లలకు అమ్మవారు పోసినప్పుడు అవ్వ ఏం చేసింది? గడప దగ్గర పీట వేసుకొని కూర్చుంది. పోసినోళ్ళే లోపలికి రావల్ల, వాళ్ళకి మళ్ళా పోయదు అంది. నన్ను గడప తొక్కనివ్వలేదు, నాకు చిన్నప్పుడు పోయలేదని. నీకు పోసింది కాబట్టి నిన్ను లోపల పెట్టింది. మజ్జిగన్నం తినిపించడం, వేపాకుతో నిమరడం, తలకు నీళ్ళు పోసే రోజు దాకా నువ్వే చేశావు. వీధి వీధంతా నిన్ను మెచ్చుకుంది. అక్కడ అవ్వ తప్పు చేయలేదు. అమ్మవారికి ఆ లెక్క సరిపోతుంది. ఒకసారి పోస్తే ఒళ్ళు దాన్ని గుర్తుపెట్టుకుంటుంది, ఎప్పుడు వచ్చినా అదే వేషం కాబట్టి గుర్తుపడుతుంది. అదే లెక్క నువ్వు గొంతు జ్వరానికి వేశావు. ఒకసారి వచ్చి పోయింది, ఇంక నాకు సూదులెందుకు అనుకున్నావు. అవునా కాదా?

ఆ లెక్క ఇక్కడ ఎందుకు పనికిరాదో చెబుతాను. నువ్వు నవ్వుతావు కానీ, మన నల్లోడి కథతోనే చెప్పాలి.

కరెంటు లైన్‌మన్ పిళ్ళప్ప మన కుక్క తోక తొక్కిన రోజు నీకు గుర్తుందా? ఖాకీ చొక్కాతో బోరు దగ్గరికి వచ్చాడు, చీకట్లో తొక్కాడు, అది కుయ్యోమంది. ఆ రోజు నుంచి ఖాకీ కనిపిస్తే చాలు గొలుసు తెంచుకుంటుంది. మరి అదే పిళ్ళప్ప కూతురి పెళ్ళికి పిలవడానికి తెల్ల చొక్కా, పంచె కట్టుకొని వస్తే ఏం చేసింది? తోక ఊపింది. కాళ్ళు నాకింది. అవ్వ ఎంత నవ్విందో. దానికి పిళ్ళప్ప గుర్తు లేడు, చొక్కా గుర్తుంది.

మన ఒళ్ళు కూడా అంతే చేస్తుంది. ఆ క్రిమి ఒంటి మీద టమోటా కాడ మీద నూగులాగా సన్నటి ప్రొటీన్ పోగులు నిలబడి ఉంటాయి. మన ఒళ్ళు గుర్తుపెట్టుకునేది ముఖ్యంగా ఆ పోగుల కొసల్ని. ఆ పోగును ఎలా అల్లాలో చెప్పే జన్యువు మాత్రం అన్ని క్రిముల్లో ఒకటిగా ఉండదు. కొంచెం కొంచెంగా మారుతూ వచ్చింది. లోపల క్రిమి అదే, పైన కొస వేరు. అలాంటి రకాలు లోకంలో రెండు వందలకు పైగా ఉన్నాయని మా మేడం చెప్పింది. నీ తొమ్మిదో ఏట వచ్చింది ఒక చొక్కా. దాన్ని నీ ఒళ్ళు నేర్చుకుంది. ఇంకో చొక్కాతో వస్తే నీ ఒళ్ళు నల్లోడి మాదిరి తోక ఊపుతుంది.

ఇంతటితో అయిపోతే బాగుండేది. మీ అన్న ఎరువుల కొట్టువాళ్ళు ఇచ్చిన ఖాకీ జర్కిన్ వేసుకొని పొద్దుగూకే వేళ ఇంటికి వచ్చాడు చూడు, అప్పుడేమైంది? తనకు రోజూ సంగటి పెట్టే మనిషినే పిక్క పట్టి కరిచింది. ఆ మచ్చ ఇంకా ఉంది. నల్లోడికి మీ అన్న మీద పగ లేదు, కరిచిన తర్వాత రెండు పూటలు తిండి మానేసింది పాపం. ఆ క్రిమి పోగుల్లో కొంత భాగం మన గుండె తలుపుల్లో ఉండే ప్రొటీన్‌ను పోలి ఉంటుంది. క్రిమిని తరమబోయిన ఒళ్ళు పోలిక చూసి సొంత గుండెను కరుస్తుంది. నీకు అప్పుడు జరిగింది అదే. మళ్ళీ జరగకూడదని నా ప్రాణం కొట్టుకుంటున్నది.

సూది ఎందుకు మంచిదంటావా? దానికి చొక్కాతో పని లేదు. ఏ పోగు పెట్టుకొని వచ్చినా, ఆ క్రిమి కట్టుకునే గోడనే అది కట్టనివ్వదు. నీ ఒంట్లో మందు ఉన్నన్నాళ్ళూ ఏ చొక్కావాడైనా గడప దాటలేడు. మందు అయిపోయిన రోజు నుంచి గడియ లేని తలుపే.

చేయి నొప్పి పుట్టింది. కాదు, చేయి బాగానే ఉంది. మిగతాది రేపు రాస్తాను.

20, గురువారం.

పొద్దున ల్యాబుకు పోయి వచ్చాను. పని సాగలేదు. ఒకే పెట్టెను ఇటు నుంచి తీసి అటు పెట్టి, అటు నుంచి తీసి ఇటు పెడుతుంటే మేడం చూసి, ఇంటికి పో వినుతా అంది. వచ్చేశాను.

నిన్న రాసింది చదువుకున్నాను. పాఠం చెప్పినట్టు ఉంది. నువ్వు మంచం కోడు వదిలేలాంటి మాట ఒక్కటీ లేదు.

ఫలితాలు వచ్చాయన్నాను గదా, నీకు సంబంధించినంత వరకు చెబుతాను. ముందుగా శృతి సంగతి. నీ గొంతులోనూ క్రిమి ఉందని తెలిసి, అది శృతి అంటించిందని మీ గదిలో పిల్లలు అంటున్నారట, ఆ పిల్ల అన్నం దగ్గర ఒక్కతే కూర్చుంటున్నదట. వార్డన్ చెప్పింది. నువ్వు కూడా ఆమెతో మాట్లాడటం లేదని విన్నాను. తప్పు నేత్రా. శృతి గొంతులోనూ, మీ గదిలో జ్వరం వచ్చిన మిగతా పిల్లల గొంతులోనూ ఒకటే రకం క్రిమి దొరికింది. నీ గొంతులో దొరికింది అది కాదు. పోగు వేరు, జన్యువు వేరు. బెంగళూరు పెద్ద ల్యాబులో రెండుసార్లు చూశారు. అంటే నీకు శృతి అంటించలేదు. అంత గంజి ఎంగిలి తాగినా నీకు అక్కడ అంటకపోవడం నీ అదృష్టం. ఈ ఉత్తరం అందిన రోజే పోయి ఆ పిల్ల పక్కన కూర్చొని తిను. మిగతా పిల్లలకు కూడా చెప్పు, మా వదిన ల్యాబులో చూసి చెప్పిందని చెప్పు.

మరి నాకు యాడనుంచి వచ్చింది అని నువ్వు అడుగుతావు. అడగాల్సిన ప్రశ్నే. నేనూ అదే అడిగాను, మేడమూ అదే అడిగింది. గుండె జబ్బున్న పిల్లల ఇళ్ళలో కూడా గొంతులు చూడాలని ముందే అనుకున్న పద్ధతి కాబట్టి, పరగోడులో మన ఇంట్లో అందరివీ తీసి పంపాం. అవ్వ నోరు తెరవడానికి ఎంత బతిమాలించుకుందో నీకు చెప్పాలి. పుల్ల గొంతుకు తగలగానే నా చేతి మీద కొట్టింది. మీ అన్నకు కక్కు వచ్చింది. మీ అమ్మ మాత్రం పాపకోసమే గదా అని కళ్ళు మూసుకొని కూర్చుంది.

దీపావళికి నువ్వు వచ్చిన రోజులు తలచుకుంటున్నాను. వేరే తట్టలో అన్నం పెడితే అలిగావు. నా తట్టలోనే నీ ముద్ద కూడా పెట్టించుకొని, నేను నంజుకున్న ఊరిబిండిలోనే నువ్వూ నంజుకున్నావు. ఎంగిలి లేదు మంగళం లేదు, ఈ ఇద్దరూ ఒక్క కడుపున పుట్టినారా అని అవ్వ తిడుతుంటే మనిద్దరం నవ్వాం. రాత్రి ఒకటే దుప్పటి. చలేస్తుందని నా మెడ కింద తల పెట్టి పడుకున్నావు. నాకు తోడబుట్టినవాళ్ళు లేరని నీకు తెలుసు. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మొదటి వారం ఎవరితో ఏం మాట్లాడాలో తెలియక వంటింట్లో నిలబడి ఉంటే, నా కొంగు పట్టుకొని, దా వదినా గొర్రెపిల్లని చూద్దువు అని లాక్కుపోయిన దానివి నువ్వు. ఆ ఇల్లు నాదయింది ఆ రోజే.

అందుకే చెబుతున్నాను, విను. నిన్ను చూసిన డాక్టరుతో మాట్లాడాను. మొన్న తీసిన స్కానింగులో ఆ చిన్న తలుపు మునుపటి మాదిరే ఉంది, చెడిపోలేదు. గొంతులో ఉండగానే దొరికింది కాబట్టి సరిపోయింది. నువ్వు చేసిన గొడవకు ఆయన ఆ రోజు సూది పక్కన పెట్టి మాత్రలు రాశాడు. ఆ మాత్రలు అయిపోయాయి. అవి అయిపోగానే సూది పడాలన్నాడు, నువ్వు మంచం కోడు పట్టుకున్నావు. అంటే ఇప్పుడు, నేను ఇది రాస్తున్న ఈ నిమిషంలో, నీకు ఏ కాపలా లేదు. ఇంకోసారి ఆ జ్వరం ఒంట్లోకి దిగితే తలుపు ఎంత దెబ్బతింటుందో ఎవరూ చెప్పలేరు. బాగేపల్లి దగ్గర ఒక ఊళ్ళో నీకంటే కొంచెం పెద్ద అమ్మాయిని చూశాను. గుడి మెట్లు నాలుగు ఎక్కి కూర్చుండిపోయింది. ఆమె కూడా చిన్నప్పుడు బాగా పరిగెత్తేదట. ఆమె పేరు నేను రాయను.

నువ్వు అలా కూర్చుండిపోకూడదు. నువ్వు ఖోఖో ఆడాలి. నన్ను ఏడిపించాలి. మీ అన్నను బెదిరించాలి. ఇంత పెద్ద గొంతుతో ఇంత చిన్న విషయానికి అరిచే పిల్ల ఇంకొకతె పరగోడులో లేదు, మాకు నువ్వే కావాలి.

వచ్చే మంగళవారం వార్డన్ మళ్ళీ పిలుస్తుంది. కోడు వదిలి లే. నొప్పి పుడితే అరుచుకో, ఎవరూ వద్దనరు. నన్ను తిట్టుకుంటూనైనా వేయించుకో. వదిన వస్తేనే అన్న పంతం మాత్రం వదులు.

అమ్మ, అవ్వ, అన్న నీకు దీవెనలు చెప్పమన్నారు. నల్లోడు ఏమీ చెప్పలేదు, గడ్డి వాములో పడుకొని ఉంటాడు. శృతికి నా ముద్దులు.

ఇట్లు,
నీ మీద కోపం లేని,
నీ కోపాన్ని మోస్తున్న
నీ వదిన
వినుత.

తాజా కలం:

ఉత్తరం మడిచి కవరులో పెట్టాను. మళ్ళీ తీశాను. ఇది రాయకుండా పంపితే నువ్వు పంతం వదలవని నాకు తెలుసు. నేనైనా వదలను.

నీ గొంతులో దొరికిన రకం మన ఇంట్లో ఒక్కరి గొంతులోనే దొరికింది. అవ్వది కాదు, అమ్మది కాదు, అన్నది కాదు. నాది.

నాకు జ్వరం లేదు, నొప్పి లేదు, తుమ్ము కూడా లేదు. కొందరి గొంతులో అది అలా చప్పుడు లేకుండా కూర్చుంటుందట. నా నుంచి నీకు వచ్చిందా, నీ నుంచి నాకు వచ్చిందా అనేది ఈ పరీక్ష చెప్పదు. మేడం కూడా అదే అంది, నిన్ను నువ్వు నిందించుకోవద్దు అంది. కానీ ఊరూరా తిరిగి పిల్లల నోళ్ళు తెరిపించి వంగి చూసేది నేను గదా. దాని తర్వాత దీపావళికి వచ్చి ఒక తట్టలో తిన్నది నేను గదా. శనివారం సాయంత్రం ఫలితం చూశాను. ఆదివారం నువ్వు గేటు దగ్గర నిలబడ్డావు.

మాస్కు వేసుకొని దూరం నుంచి చూసి పోవచ్చు గదా అంటావు. నేను దూరంగా నిలబడగలను. నువ్వు నిలబడతావా? గేటు తీయగానే పరిగెత్తుకొచ్చి నా మెడ చుట్టుకుంటావు. ఒంట్లో సూది లేని పిల్లవు. నీ మొగం చూడబుద్ధి కాకపోవడం కాదు నేత్రా, చూస్తే నిన్ను ఆపలేను, నన్ను ఆపుకోలేను.

నేను మింగుతున్నది తలనొప్పి మాత్ర కాదు. ఆ క్రిమికే. మళ్ళీ పరీక్ష చేయించుకోవాలి. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు, నీకే మొదట చెబుతున్నాను. కోడలు తెచ్చిన జబ్బు అని అవ్వ ఒక్క మాట అంటే నేను తట్టుకోలేనని ఇన్ని రోజులు నోరు మూసుకున్నాను. శనివారం పోయి గడప బయటే కూర్చొని నేనే చెబుతాను. ఏమంటే అది పడతాను. నువ్వు మాత్రం అడగాల్సింది నన్నే అడుగు, అనాల్సింది నన్నే అను.

డాక్టరును ఒకటే అడిగాను, ఆ పిల్ల దగ్గరికి నేను ఎప్పుడు పోవచ్చు అని. ఆయన నవ్వి, ఆ అమ్మాయికి సూది పడితే మరునాడే పోండి, పక్కన కూర్చోండి, ఆమెకు భయం లేదు అన్నాడు. చూశావా, నేను వస్తే నువ్వు సూది వేయించుకుంటానంటావు. నువ్వు వేయించుకుంటే తప్ప నేను రాలేను. ఇద్దరిలో ఎవరో ఒకరు ముందు కదలాలి. నా చేతిలో ఉంటే నేనే కదిలేదాన్ని.

మంగళవారం వేయించుకో. బుధవారం పొద్దున మొదటి బస్సుకు వస్తాను, వార్డన్‌ను అడిగి పెట్టుకున్నాను. కాలు నొప్పితో గేటు దాకా రావద్దు, నేనే నీ మంచం దగ్గరికి వస్తాను. ఊరిబిండి అమ్మ చేత చేయించి తెస్తాను, నా చేత్తో చేసింది వద్దు. ఒకే తట్టలో తినడం మాత్రం నా పరీక్ష బాగా వచ్చేదాకా లేదు. నువ్వెంత అలిగినా సరే, నీ ముద్ద నీది, నా ముద్ద నాది.